హైదరాబాద్ చుట్టూ పెరుగుతున్న ఊళ్ళలో ఏ పనికి ఎవరిని పట్టుకోవాలి: పంచాయతీపై తరచుగా అడిగే ప్రశ్నలు

షాద్‌నగర్, చౌటుప్పల్, భువనగిరి, శంకర్‌పల్లి, గజ్వేల్ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా ఇదే వరస. పదిహేనేళ్ళ కింద వెయ్యి ఓట్లున్న ఊరికి ఇవాళ నాలుగు వైపులా వెంచర్లు, రోడ్డు మీద గోదాములు, ఒక ఇంజినీరింగ్ కాలేజీ. పంచాయతీ ఆఫీసు మాత్రం అవే రెండు గదులు, ఒక సెక్రటరీ, ఒక కంప్యూటర్. పనులు ఆగేది అన్ని సార్లూ లంచం కోసమే కాదు. తప్పు మనిషి చుట్టూ తిరగడం వల్ల ఆగేవే ఎక్కువ. సర్పంచ్ చేయలేని పనికి సర్పంచ్‌ని తిడతాం, సెక్రటరీ చేయాల్సిన పనికి ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడతాం. అందుకే ఎక్కువమంది అడిగే ప్రశ్నలన్నీ ఒక చోట పెడుతున్నాం.

మా ఊరు పంచాయతీయా, మున్సిపాలిటీయా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

వెంచర్ బ్రోచర్ చూసి నమ్మొద్దు, ఈ ఏడాది కట్టిన ఇంటి పన్ను రసీదు మీద ఏ పేరుందో చూడండి. గందరగోళానికి కారణం లేకపోలేదు. 2024 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 51 పంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీల్లో కలిపారు. 2025 చివర్లో ఔటర్ పరిసరాల్లోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను తీసుకెళ్ళి జీహెచ్ఎంసీలో కలిపారు. అంటే కొన్ని ఊళ్ళవాళ్ళు ఏడాదిన్నర తిరక్కుండానే సర్పంచ్ నుంచి మున్సిపల్ కమిషనర్‌కి, అక్కడి నుంచి జీహెచ్ఎంసీ ఆఫీసుకి మారిపోయారు.

ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. 'మాది హెచ్ఎండీఏ పరిధి' అనో, 'మాది ఫ్యూచర్ సిటీ' అనో చెప్తారు. ఆ రెండూ లేఅవుట్లు, ప్లానింగ్ చూసే సంస్థలు. 2025లో ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టి రంగారెడ్డి జిల్లాలోని 7 మండలాల్లో 56 గ్రామాలను దాని కిందికి తెచ్చారు, అదే ఏడాది హెచ్ఎండీఏ హద్దును కూడా బాగా పెంచారు. అంతమాత్రాన ఆ ఊళ్ళలో పంచాయతీలు రద్దయినట్టు కాదు. వీధి లైటు పోతే హెచ్ఎండీఏ వాళ్ళు వచ్చి వెలిగించరు.

మున్సిపాలిటీలో కలిస్తే మంచిదేనా?

రోడ్డు పక్కన ఎకరం ఉన్నవాళ్ళకి పండగే. కూలికి పోయేవాళ్ళకి మాత్రం వెంటనే తగిలే దెబ్బ ఒకటుంది, ఉపాధి హామీ పని ఆగిపోతుంది. అది గ్రామీణ ప్రాంతాల పథకం కాబట్టి ఊరు మున్సిపాలిటీ అయిన రోజు నుంచి జాబ్ కార్డు చిత్తు కాగితమే. ఇంటి పన్ను లెక్క మారుతుంది, ఇంటి పర్మిషన్ పూర్తిగా ఆన్‌లైన్ అవుతుంది, చెత్త బండ్లు పెరగొచ్చు. వీటన్నిటికంటే పెద్ద నష్టం గ్రామసభ పోవడం అని నా అభిప్రాయం. ఇప్పుడైతే మైకు పట్టుకుని సెక్రటరీని లెక్క అడగొచ్చు. రేపు వార్డు ఆఫీసు ఎక్కడుందో వెతుక్కోవడానికే ఒక పూట పోతుంది.

సర్పంచ్ చేతిలో నిజంగా ఏముంది?

అనుకున్నంత లేదు, అసలేమీ లేదనడానికీ లేదు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం నడుస్తోంది. ఆ చట్టంతోనే 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి, పంచాయతీల సంఖ్య ఎనిమిది వేల చిల్లర నుంచి ఒక్కసారిగా 12,751కి చేరింది. ఊరికో కార్యదర్శి ఉండాలని 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు భర్తీ చేశారు.

పారిశుధ్యం, వీధి లైట్లు, మురుగు కాలువలు, ఊరి లోపల నీటి సరఫరా, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక), చిన్న ఇళ్ళ పర్మిషన్లు పంచాయతీ పనులు. అయితే డబ్బు దగ్గరికొచ్చేసరికి సర్పంచ్ ఒక్కడి సంతకం చెల్లదు, ఉప సర్పంచ్ కూడా చెక్కు మీద సంతకం పెట్టాలి. ఇద్దరూ రెండు వర్గాల వాళ్ళయితే ఊరి పని అంతే సంగతులు. బోరు మోటారు కాలిపోయి జనం బిందెలతో నిలబడి ఉంటే ఇక్కడ ఒక సంతకం కోసం మధ్యవర్తులు తిరుగుతుంటారు. అందుకే ఎన్నికల ఫలితం వచ్చిన సాయంత్రమే ఉప సర్పంచ్ పదవి కోసం వార్డు మెంబర్లను కార్లలో ఎక్కించుకుపోవడం చూస్తుంటాం.

సర్పంచ్‌కి నెలకొచ్చే గౌరవ వేతనం 6,500 రూపాయలు. పంచాయతీలో చెత్త ఎత్తే మల్టీపర్పస్ వర్కర్‌కి ఇచ్చేది 9,500. ఆ 6,500 కోసం లక్షలు ఖర్చు పెట్టి ఎందుకు నిలబడతారో మీరే ఆలోచించండి. కొందరికి పరువు, కొందరికి సేవ, వెంచర్లున్న ఊళ్ళో కొందరికి వేరే లెక్కలుంటాయి.

పంచాయతీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అడిగితే 'నిధుల్లేవు' అంటారు.

ఆ మాట ఒక్కోసారి నిజం, ఒక్కోసారి సాకు. తేడా తెలియాలంటే నాలుగు సంచులున్నాయని గుర్తుపెట్టుకోండి. మొదటిది ఊరి సొంత సంచి: ఇంటి పన్ను, నల్లా బిల్లు, లైసెన్సు ఫీజులు, పర్మిషన్ ఫీజులు. రెండోది రిజిస్ట్రేషన్ల మీద వచ్చే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. ప్లాటు కొన్నప్పుడు స్టాంపు డ్యూటీతో పాటు ఒకటిన్నర శాతం కట్టించుకునేది ఇదే, స్థానిక సంస్థల కోసం ఉద్దేశించింది. వెంచర్లున్న ఊళ్ళకి లెక్క ప్రకారం ఇది మంచి ఆదాయం. కాకపోతే ఆ డబ్బు ఊరికి ఎప్పుడు చేరుతుంది, ఎంత చేరుతుంది అన్నదే ఎప్పుడూ ఉండే గొడవ. మూడోది రాష్ట్రం ఇచ్చేది. నాలుగోది కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం (2021-26) డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు చేయాలి, మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, దాంట్లోంచి జీతాలు ఇవ్వడానికి మాత్రం వీల్లేదు.

2019లో గెలిచిన సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో అయిపోయింది. ఆ తర్వాత 2025 డిసెంబర్ దాకా ఎన్నికలే లేవు, దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం ఆర్థిక సంఘం నిధులు ఇవ్వదు. ఆ రెండేళ్ళలో ట్రాక్టరుకి డీజిల్ పోయించడానికి సెక్రటరీలు సొంత జేబులోంచి పెట్టుకున్న ఊళ్ళున్నాయి. అంతకు ముందు పల్లె ప్రగతి కింద ప్రతి పంచాయతీకీ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకర్ కొనిపించారు, మంచిదే. ట్రాక్టరు అప్పు వాయిదా, వీధి లైట్ల కరెంటు బిల్లు, వర్కర్ల జీతాలు కట్టేసరికి చిన్న పంచాయతీ ఖాతాలో మిగిలేది చాలా తక్కువ. సొంత డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు పెట్టి పనులు చేసిన పాత సర్పంచులు బిల్లులు రాక ధర్నాలు చేయడం కూడా అందరం చూశాం.

'నిధుల్లేవు' అన్నది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఆర్థిక సంఘం డబ్బు ఎంత వచ్చింది, ఏ పనికి ఎంత చెల్లించారు అన్న వివరాలుంటాయి. ఫోన్‌లోనే చూడొచ్చు. ఊళ్ళో లేని సైడు కాలువకి బిల్లు అయినట్టు కనబడితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

గ్రామసభకి వెళ్తే ఏం లాభం? ముందే అన్నీ రాసుకుంటారు కదా.

రాసుకుంటారు, కాదనను. మీరు వెళ్ళకపోవడం వల్లే అంత సులువుగా రాసుకుంటున్నారు. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఎంతమంది రావాలో కూడా ఓట్లను బట్టి లెక్కుంది: 500 ఓట్ల లోపు ఊరికి కనీసం 50 మంది, వెయ్యి దాటి మూడు వేల లోపుంటే 150 మంది. సభ పెట్టకుండా ఎగ్గొడుతూ పోతే సర్పంచ్ పదవికే ఎసరు.

సాధారణంగా ఎలా జరుగుతుందంటే, పొద్దున డప్పు చాటింపు, లేదంటే చెత్త బండి మైకులో అనౌన్స్‌మెంట్. బడి ముందు టెంటు, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు, మండలం నుంచి ఒక అధికారి. పెన్షన్ కావాల్సిన ముసలివాళ్ళు, ఇందిరమ్మ ఇల్లు రానివాళ్ళు తప్ప మిగతా ఊరు రాదు. సెక్రటరీ గబగబా ఏదో చదువుతారు, మైకు కీచుమంటుంది, సగం వినబడదు. రిజిస్టరు ఒకటి చేతులు మారుతూ తిరుగుతుంది, అందరూ సంతకాలు, వేలిముద్రలు వేసేస్తారు. కోరం చాలకపోతే ఆ రిజిస్టరు సాయంత్రం ఇంటింటికీ కూడా తిరుగుతుంది.

ఆ రిజిస్టరు చేతికొచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు పేజీ పైకి చూడండి. తీర్మానాలు రాశాక సంతకాలు తీసుకుంటున్నారా, లేక పేజీ ఖాళీగా పెట్టి కింద సంతకాలు తీసుకుంటున్నారా? కొన్ని చోట్ల ఆఖరి తీర్మానానికీ మొదటి సంతకానికీ మధ్య నాలుగైదు గీతలు ఖాళీ వదులుతారు, తర్వాత అక్కడ ఏ వెంచర్ రోడ్డో, ఏ పార్కు స్థలమో వచ్చి కూర్చుంటుంది. 'సార్, ఖాళీ గీత కొట్టేయండి, అప్పుడు సంతకం పెడతా' అని అందరి ముందు అనండి, తగువు పడనక్కర్లేదు. మీ సమస్యని నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసిచ్చి, తీర్మానాల పుస్తకంలో ఎక్కించమని అడగండి. పుస్తకంలో ఎక్కని మాటకి జవాబు ఇచ్చేవాళ్ళుండరు.

పంచాయతీ అప్రూవల్ ఉన్న వెంచర్ అంటున్నారు, ప్లాటు కొనొచ్చా?

ఆ మాట విన్నప్పుడే ఒక అడుగు వెనక్కి వేయండి. పంచాయతీ తనంతట తాను లేఅవుట్ అప్రూవ్ చేయలేదు. డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ విభాగం) గానీ, ఆ ప్రాంతం హెచ్ఎండీఏ లాంటి సంస్థ కిందుంటే ఆ సంస్థ గానీ అనుమతి ఇవ్వాలి. లేఅవుట్‌లో కొంత భాగాన్ని పంచాయతీ పేరిట తాకట్టు పెట్టించుకుంటారు, రోడ్లు, కాలువలు, కరెంటు పూర్తి చేశాకే దాన్ని విడుదల చేయాలి. పాత సర్పంచ్ సంతకం, గుండ్రటి స్టాంపు ఉన్న జిరాక్సు చూపించి 'జీపీ లేఅవుట్' అని అమ్మినవి ఈ చుట్టుపక్కల కోకొల్లలు. వాటన్నిటి భారమే ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం. 2020 ఆగస్టు 31న జీవో 131 ఇచ్చి వెయ్యి రూపాయల ఫీజుతో దరఖాస్తులు తీసుకుంటే 25 లక్షలకు పైగా వచ్చాయి. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి కట్టమంటే కొందరు కట్టారు, కొందరు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

కొనేముందు అనుమతి నంబరు తీసుకుని దాన్ని ఇచ్చిన సంస్థలోనే సరిచూసుకోండి. తర్వాత పార్కు స్థలం, రోడ్లు పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేశారా అని సెక్రటరీని అడగండి. చేయకపోతే ఆ పార్కు రేపు ప్లాట్ నంబర్ 114 అవుతుంది. మీ పిల్లలు ఆడుకునే చోట ఎవరో పిల్లర్లు లేపుతుంటే అప్పుడు పంచాయతీ మీద పడి లాభం లేదు, వాళ్ళ దగ్గర కాగితమే ఉండదు. మూడోది, ప్లాట్ల మధ్య నుంచి వాగో, కుంట అలుగో పోతోందా అన్నది వానాకాలంలో వెళ్ళి చూడండి. ఎండాకాలంలో అన్ని ప్లాట్లూ గట్టు మీదే ఉన్నట్టు కనబడతాయి.

ఇంటి నంబర్ వచ్చింది, పన్ను కడుతున్నా. ఇక ఇల్లు నాదే కదా?

కాదు. పన్ను రసీదు పన్ను కట్టినందుకే సాక్ష్యం, యాజమాన్యానికి కాదు.

ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ పంచాయతీ ఇస్తుందా?

300 చదరపు మీటర్ల లోపు స్థలంలో, పది మీటర్ల ఎత్తు లోపు, గ్రౌండ్ ప్లస్ రెండు అంతస్తుల దాకా అయితే పంచాయతీ స్థాయిలో ఇస్తారు. అది దాటితే ఫైలు పైకి వెళ్తుంది. చాలామంది రెండంతస్తులకి తీసుకుని నాలుగు లేపి కింద షాపులు కూడా పెడతారు. బ్యాంకు లోన్ దగ్గర, అమ్మేటప్పుడు అదే తలనొప్పి. సెక్రటరీ నోటీసు ఇస్తే దాచిపెట్టకుండా రాతపూర్వకంగా జవాబివ్వండి.

మిషన్ భగీరథ నీళ్ళు ఊళ్ళోకి వస్తున్నాయి, మా వెంచర్‌కి రావట్లేదు. ఎవరిని అడగాలి?

ఊరి ట్యాంకు దాకా నీళ్ళు తేవడం భగీరథ విభాగం పని, ట్యాంకు నుంచి నల్లా దాకా పంచాయతీ పని. ట్యాంకులోకే నీళ్ళు రాకపోతే ఊరంతా ఎండుతుంది, మీ ఒక్క వీధే ఎండుతుంటే పైపులైనో, వాల్వో పంచాయతీ చూడాలి. పల్లెల్లో మనిషికి రోజుకి 100 లీటర్లు అన్న లెక్కతో 2016 నుంచి ఈ పథకం తెచ్చారు. ఊరి జనాభా మీద వేసిన ఆ లెక్కలో మీ వెంచర్‌లోని 300 ఇళ్ళు లేవు. గొడవంతా అక్కడే. పాత ఊరివాళ్ళు 'మా నీళ్ళు వాళ్ళకెందుకు' అంటారు, వెంచర్‌వాళ్ళు 'మేమూ పన్ను కడుతున్నాం' అంటారు, ఇద్దరి మాటా నిజమే. పైపులైను పొడిగించమని, ట్యాంకు సామర్థ్యం పెంచమని గ్రామసభ తీర్మానం చేయించి మండలంలోని భగీరథ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కి) ఇవ్వండి. వాల్వు తిప్పే మనిషితో కొట్లాడితే ఏం రాదు. ఆయన తిప్పకపోతే ఉన్న నీళ్ళూ పోతాయి.

రోడ్డు గుంతలు ఎవరు పూడుస్తారు?

అది ఏ రోడ్డో ముందు తేల్చాలి. ఊరి లోపలి సీసీ రోడ్డు అయితే పంచాయతీ, ఊరి నుంచి ఊరికి పోయే రోడ్డు చాలా వరకు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం, మండలం నుంచి పట్టణానికి పోయే పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీ, హైవే అయితే జాతీయ రహదారుల సంస్థ. గోదాములకి పోయే టిప్పర్లు, కంటైనర్లు పంచాయతీరాజ్ రోడ్డుని ఒక్క వానాకాలంలో పిండి చేస్తున్నాయి. ఆ బరువుకి వేసిన రోడ్డే కాదది. బరువు మీద ఫిర్యాదు చేయాల్సింది రవాణా శాఖకి, పోలీసులకి.

పెన్షన్, రేషన్ కార్డు, ఇందిరమ్మ ఇల్లు సర్పంచ్ ఇప్పిస్తాడా?

'ఇప్పిస్తా' అంటాడు, ఇచ్చే అధికారం మాత్రం ఆయనకి లేదు. పెన్షన్‌కి ఎంపీడీఓ ఆఫీసు, రేషన్ కార్డుకి మీ సేవ, ఆ తర్వాత తహసీల్దార్, పౌరసరఫరాల శాఖ. కల్యాణలక్ష్మి ఫైలు తహసీల్దార్ నుంచి ఎమ్మెల్యే సంతకం దాకా వెళ్తుంది, అందుకే ఆ చెక్కుల పంపిణీకి అంత హడావిడి. ఇందిరమ్మ ఇళ్ళకి మాత్రం ఊరి కమిటీ ఉంది, అందులో స్థానిక రాజకీయం నిండుగా ఉంటుంది. ఐదు లక్షలు ఒకేసారి రావు, దశల వారీగా ఫొటో తీసి అప్‌లోడ్ చేశాకే పడతాయి. ఇంటి కొలత 400 చదరపు అడుగులకి తగ్గకూడదు, 600 దాటకూడదు. ఆశపడి పెద్ద పునాది తీసి బిల్లు ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరైనా ఇంటికి ఇంత అని అడిగితే ఇవ్వకండి, లిస్టులో పేరుంటే డబ్బు మీ ఖాతాలోనే పడుతుంది.

పట్టా, పాస్‌బుక్, సర్వే గొడవలు పంచాయతీలో తేలుతాయా?

తేలవు, అది రెవెన్యూ. 2020లో వీఆర్ఓలను (గ్రామ రెవెన్యూ అధికారులను) తీసేసి భూమి రికార్డులకి ధరణి పోర్టల్ పెట్టారు, 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఊళ్ళకి గ్రామ పాలన అధికారులను వేశారు. పంచాయతీ కార్యదర్శి, గ్రామ పాలన అధికారి ఒక్కరు కాదు. భూమి సంగతైతే రెండో ఆయన దగ్గరికి, అక్కడి నుంచి తహసీల్దార్ దగ్గరికి.

మేం వెంచర్‌లో ఉంటున్నాం, ఓటు సిటీలో ఉంది. ఇక్కడికి మార్చుకోవాలా?

ఇక్కడే నివసిస్తుంటే ఫారం 8 పెట్టి మార్చుకోండి. పంచాయతీ ఓటరు జాబితాని అసెంబ్లీ జాబితా నుంచే వార్డుల వారీగా తీస్తారు. వెంచర్‌వాళ్ళు చాలామంది సిటీ ఓటు వదులుకోరు, ఇక్కడ రోడ్డు కోసం వాట్సాప్ గ్రూపులో మెసేజులు పెడతారు. ఓటు లేని గ్రూపుని ఏ సర్పంచూ పట్టించుకోడు. 1,500 ఓట్ల ఊళ్ళో 200 ఓట్లు ఒక్క చోట ఉంటే అభ్యర్థి మీ గేటు దగ్గరికే వస్తాడు. రెండు చోట్లా ఓటు పెట్టుకోవడం మాత్రం నేరం.

సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ ఉండదంటారు కదా, మరి ఈ జెండాలేంటి?

పార్టీ గుర్తు ఉండదు, అంతే. ఎంపీటీసీ, జెడ్పీటీసీలకి పార్టీ గుర్తులు, సర్పంచ్‌కి మాత్రం ఎన్నికల సంఘం జాబితాలోంచి ఇచ్చే గుర్తు. గెలిచిన రోజు రాత్రికే 'మా మద్దతుదారులు ఇంతమంది' అని అన్ని పార్టీలూ లెక్కలు చెప్తాయి, అందరి లెక్కలూ కూడితే మొత్తం పంచాయతీల కంటే ఎక్కువొస్తాయి. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగిన ఎన్నికల్లోనూ అదే చూశాం. ఆ ఎన్నికలు అంత ఆలస్యం అవ్వడానికి బీసీలకి 42 శాతం రిజర్వేషన్ వ్యవహారం కూడా కారణం. సెప్టెంబర్‌లో జీవో వచ్చింది, అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇచ్చింది, చివరికి మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకుండానే జరిపారు.

ఖర్చు పరిమితి కాగితం మీద ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో లక్షన్నర, అంతకు మించితే రెండున్నర లక్షలు. ఔటర్ పక్కన ఊళ్ళో ఆ డబ్బుతో ఒక పూట విందు కూడా అవ్వదని అందరికీ తెలుసు. ఇక ఏకగ్రీవాల సంగతి. పెద్దమనుషులు కూర్చుని ఒప్పుకుంటే తప్పులేదు, గుడికి ఇంత, బొడ్రాయి పండక్కి ఇంత అని పదవిని వేలం పాడితే అది చట్టవిరుద్ధం. వేలంలో లక్షలు పెట్టినవాడు ఆ డబ్బు ఊరి మీదే రాబట్టుకుంటాడు.

ముగ్గురు పిల్లలుంటే పోటీ చేయకూడదా?

ఆ నిబంధన 1995 నుంచి ఉండేది, 2025లో ఎత్తేశారు. చేయొచ్చు.

మా సర్పంచ్ మహిళ, పెత్తనమంతా భర్తదే. ఏం చేయాలి?

సగం పదవులు మహిళలకే, కాబట్టి ఇది సగం ఊళ్ళ ప్రశ్న. భర్తకి పంచాయతీ కుర్చీలో కూర్చునే హక్కు లేదు, మీటింగుల్లో మాట్లాడే హక్కు లేదు, సంతకం హక్కు అసలే లేదు. మనం చేయగలిగింది ఒకటుంది: ఆయన్ని 'సర్పంచ్ సాబ్' అని పిలవడం మానేయడం. దరఖాస్తు ఆమె పేరిట రాసి ఆమె చేతికే ఇవ్వండి, 'సర్పంచమ్మా, మీరేమంటారు' అని గ్రామసభలో ఆమెనే అడగండి. మొదట్లో ఆమె భర్త వైపు చూస్తుంది, తర్వాత జవాబు చెప్తుంది. మహిళా సంఘంలో పదేళ్ళు లెక్కలు చూసిన ఆడవాళ్ళు సర్పంచ్ అయిన చోట్ల పుస్తకాలు మగవాళ్ళ హయాంలో కంటే శుభ్రంగా ఉన్నాయి, నేను చూసినంతలో.

జనన, మరణ ధ్రువపత్రాలు?

ఊళ్ళో జరిగిన జననం, మరణం పంచాయతీలో 21 రోజుల లోపు నమోదు చేయిస్తే ఫీజు లేదు. ఆలస్యమైన కొద్దీ ఫీజు, పై అధికారుల అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో జరిగితే ఆసుపత్రి ఉన్న చోటే నమోదవుతుంది, మీ ఊళ్ళో కాదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడి దగ్గర నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ పత్రమే ఆధారం, పేరులో ఒక్క అక్షరం తప్పున్నా అప్పుడే దిద్దించుకోండి.

ఫిర్యాదు చేసినా కదలట్లేదు. పైన ఎవరున్నారు?

సెక్రటరీ పైన మండల పంచాయతీ అధికారి, ఆయన పైన డివిజన్ స్థాయి అధికారి, జిల్లాలో డీపీఓ (జిల్లా పంచాయతీ అధికారి), ఆ పైన కలెక్టర్. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, దరఖాస్తు ఇచ్చి నంబరు వేసిన రసీదు తీసుకోండి. హైదరాబాద్‌లో ప్రజాభవన్ దాకా వెళ్ళినా ఆ కాగితం తిరిగి తిరిగి అదే సెక్రటరీ టేబుల్ మీదికి వస్తుంది, అందుకని ముందు కిందే రాతపూర్వకంగా ఇచ్చి తేదీ వేయించుకోవడం మంచిది. సమాచార హక్కు దరఖాస్తు కూడా వాడండి. గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. 'ఊరి అభివృద్ధి వివరాలు ఇవ్వగలరు' అని రాస్తే ఏమీ రాదు. ఫలానా నెల క్యాష్‌బుక్ కాపీ, ఫలానా కాలువ పని ఎంబీ రికార్డు (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ అని రాయండి.

ఆంధ్రాలో ఉన్నట్టు గ్రామ సచివాలయం ఇక్కడ లేదా?

లేదు. అక్కడ 2019 అక్టోబర్ 2 నుంచి సచివాలయాల్లో సర్వేయర్, వ్యవసాయ సహాయకులు, ఇంజినీరింగ్ అసిస్టెంట్ లాంటి వాళ్ళను ఒకే కప్పు కింద పెట్టారు. ఇక్కడ పంచాయతీలో ఒకే సెక్రటరీ, మిగతా పనులకి మీ సేవ, రైతు వేదిక, మండల ఆఫీసు. గుంటూరు నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ళు మొదట తికమకపడేది దీని దగ్గరే.

కోతుల బాధ ఎవరికి చెప్పుకోవాలి?

నవ్వే విషయం కాదు, 2025 ఎన్నికల్లో చాలా ఊళ్ళలో ఇదే ప్రధాన హామీ. పంచాయతీ డబ్బు పెట్టి పట్టించొచ్చు గానీ పట్టినవాటిని వదలడానికి అటవీ శాఖతో మాట్లాడాలి. లేకపోతే పక్క ఊళ్ళో వదులుతారు, వారం తిరక్కుండా ఆ ఊరివాళ్ళు మన ఊళ్ళో వదులుతారు. నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకి పునరావాస కేంద్రం పెట్టారు, రాష్ట్రం మొత్తానికి అది ఏ మూలకి?

సెక్రటరీ ఆఫీసులో ఏ టైంకి దొరుకుతారు?

పొద్దున పారిశుధ్యం పనుల ఫొటోలు యాప్‌లో పెట్టాలి కాబట్టి ఊళ్ళోనే ఉంటారు, ఎక్కువగా చెత్త బండి చుట్టుపక్కల, లేకపోతే నర్సరీ దగ్గర. మధ్యాహ్నం తర్వాత మండలంలో మీటింగో, టెలీకాన్ఫరెన్సో ఉంటుంది. ఫోన్ చేసి వెళ్ళండి, దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్ళండి, రెండో కాపీ మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకున్నాకే బయటికి రండి.